మూసీ సెక్షన్

మా స్కూల్లో పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన ఇంగ్లీషు అక్షరం డీ. ఏ ఫర్ యాపిల్‌తో మొదలుపెట్టిన పిల్లలు ఏడో తరగతికి వచ్చేసరికి డీ ఫర్ డల్ దగ్గర ఆగేవాళ్లు. ఈ అర్థం ఏ డిక్షనరీలోనూ లేదు, మా నాచారం గేటు దగ్గర మాత్రం అందరికీ తెలుసు. వాచ్‌మన్‌కి తెలుసు, ఆయమ్మలకి తెలుసు, ఎదురుగా సమోసాలు వేసే అతనికీ తెలుసు. మేము మాత్రం ప్రతి జూన్‌లో తల్లిదండ్రుల ముందు చేతులు కట్టుకుని, అన్ని సెక్షన్లూ ఒక్కటేనండీ, అక్షరంలోనే తేడా అని చెప్పేవాళ్లం. చెప్తుంటే నాకే నవ్వొచ్చేది.

నేను ఆ స్కూల్లో హైస్కూల్ ఇన్‌చార్జిని. అదేదో పెద్ద పదవి అనుకునేరు. ప్రిన్సిపాల్ మేడంకి కోపం వస్తే ముందు వినేది, కరస్పాండెంట్ సార్‌కి ఐడియా వస్తే ముందు మోసేది నేనే. స్కూలు ఓనర్‌ని మా దగ్గర ఓనర్ అనరు, కరస్పాండెంట్ అంటారు. ఆ మాటలో ఏదో మర్యాద ఉందని ఆయన నమ్మకం. ఇల్లు బోడుప్పల్‌లో, బడి నాచారంలో కావడంతో ఉప్పల్ రింగ్‌రోడ్డు సిగ్నల్ దగ్గర రోజూ ఆలోచించుకోవడానికి నాకు కావలసినంత తీరిక దొరికేది. అక్కడ స్కూటీ మీద కూర్చుని నేను ఎక్కువగా ఆలోచించింది ఒక్కటే. ఒక స్కూలు నడవాలంటే ఇంతమంది ఇన్ని రకాలుగా కరెక్టుగా ఉండటం ఎలా కుదురుతోంది?

నిజంగా ఎవరి మాట వాళ్లకి కరెక్టే. సంవత్సరం చివరి పరీక్ష మార్కుల్ని బట్టి పిల్లల్ని ఏ నుంచి డీ దాకా పంచేవాళ్లం. ఒకే స్థాయి పిల్లలు ఒక గదిలో ఉంటే పాఠం సాఫీగా నడుస్తుందనేవాడు లెక్కల సార్. అబద్ధం కాదు. ఏ సెక్షన్ పిల్లల ఫోటోలు ఫ్లెక్సీ మీద వేస్తేనే అడ్మిషన్లు వస్తాయని, అవి వస్తేనే టీచర్లకి ఒకటో తారీఖున జీతాలు పడతాయని కరస్పాండెంట్ సార్ అనేవాడు. అదీ అబద్ధం కాదు. కానీ సీనియర్ టీచర్లందరూ ఏ సెక్షన్‌కి పోగా, ఆ ఏడు కొత్తగా చేరిన వాళ్లెవరో డీకి క్లాస్ టీచర్ అయ్యేవాళ్లు. వెనకబడిన పిల్లలకి అనుభవం లేని టీచర్, ముందున్న పిల్లలకి అన్నీ తెలిసిన టీచర్. ఇది కూడా అందరం చూస్తూ చేసిందే.

ప్రతి జూన్‌లో ఒకావిడ నా దగ్గరికి వచ్చేది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో బట్టల కంపెనీలో మిషన్ మీద పని. లంచ్ టైములో పర్మిషన్ అడుక్కుని వచ్చేది కాబట్టి మెడలో కంపెనీ కార్డు అలాగే ఉండేది, చీర కొంగుకి దారప్పోగులు అంటుకుని ఉండేవి. వాళ్ల అమ్మాయి అయిదో తరగతి నుంచీ డీలోనే ఉంది. మిగతా తల్లిదండ్రులు ఏ సెక్షనే కావాలని కొట్లాడేవాళ్లు. ఈవిడ అడిగేది వేరు.

"పై సెక్షన్ అంటలేను మేడం. ఆఖరుది గాకుంటే సాలు," అనేది.

ఆ కోరిక విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆవిడ మీద కాదు. ఆఖరుది కాకుండా ఉంటే చాలని ఒక తల్లి అడుక్కునేటట్టు చేసిన మా తెలివి మీద. కానీ మార్కులు చూపించి పంపేసేదాన్ని. అది నా ఉద్యోగం.

ఆ ఏడు పాత ప్రిన్సిపాల్ రిటైరై కొత్త మేడం వచ్చారు. జనగామ దిక్కు క్రిస్టియన్ కుటుంబం, మౌలాలిలో ఉంటారు. తక్కువ మాటలు, గట్టి మనిషి. వచ్చిన మొదటి నెలలోనే డీ సెక్షన్ గదిలో చివరి బెంచీ మీద కూర్చుని వారం రోజుల పాటు పాఠాలు విన్నారు. తర్వాత మీటింగ్ పెట్టి, వచ్చే ఏడు నుంచి అక్షరాలు ఉండవు, మార్కులతో పంచడం ఉండదు, ఏడో తరగతితో మొదలుపెడదాం అన్నారు. నలుగురు సీనియర్ టీచర్లూ నాలుగు సెక్షన్లకీ సమానంగా చెప్తారు. మరి ఏ పిల్ల ఏ సెక్షన్ అని ఎవరు నిర్ణయిస్తారని లెక్కల సార్ అడిగాడు. చీటీలు అన్నారు మేడం.

వాళ్ల చర్చిలో క్రిస్మస్ ఫ్రెండ్ అని ఒక ఆట ఉందట. డబ్బాలో అందరి పేర్లూ చీటీలు రాసి వేస్తారు. ఎవరి పేరు వస్తే పండగ దాకా వాళ్లకోసం ప్రార్థన చేయాలి, ఎవరికీ చెప్పకుండా ఏదైనా కొనిపెట్టాలి. ఒకసారి తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వెయ్యకూడదు. నాకు గిట్టనోళ్ల పేరే ఎక్కువసార్లు వచ్చింది, అయినా ఏం కాలేదు అన్నారు మేడం నవ్వకుండా. మేమే నవ్వాం.

కరస్పాండెంట్ సార్ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. అక్షరాలు తీసేస్తే వాటి స్థానంలో పేర్లు గ్రాండ్‌గా ఉండాలట. డైమండ్, ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అన్నాడు. సిల్వర్ వచ్చినోళ్లు ఊకుంటరా సార్ అని మేడం అడిగేసరికి ఆయనే తల గోక్కున్నాడు. పూల పేర్లు అనుకున్నాం, అవి ఎల్‌కేజీ వాళ్లకి ముందే ఇచ్చేశాం. అప్పుడు లేచాడు మా సోషల్ సార్. ఆ ఏడే కొత్తగా చేరాడు కాబట్టి డీ సెక్షన్ క్లాస్ టీచర్ ఆయనే.

ఆయనది సూర్యాపేట దగ్గర పల్లె. ఊరికి మూసీ ప్రాజెక్టు కాలువ వస్తుంది. ఆ నీళ్లతో పండిన వడ్ల అన్నం తిని పెరిగానని గొప్పగా చెప్పుకునే మనిషి. చాక్‌పీసు తీసుకుని స్టాఫ్‌రూమ్ బోర్డు మీద నాలుగు పేర్లు రాశాడు. గోదావరి, కృష్ణ, మంజీర, మూసీ. మన నదులు, పిల్లలకి పేర్లతో పాటు మ్యాపు కూడా వచ్చేస్తుంది అన్నాడు. అందరం తలలూపాం. మా ఇంగ్లీషు టీచర్ నాగోలు నుంచి మూసీ వంతెన మీదుగా బండి మీద వస్తుంది. వంతెన రాగానే స్కార్ఫ్ ముక్కు మీదకి లాక్కుంటుంది, ఎండాకాలం అయితే ఊపిరి బిగపట్టి దాటుతుంది. ఆవిడ కూడా పేర్లు బాగున్నాయంది. ఆ రోజు ఆ గదిలో అందరం డిగ్రీలు, బీఈడీలు ఉన్నవాళ్లమే. మా అందరికీ పుస్తకంలో ఉన్న మూసీయే గుర్తొచ్చింది. పుస్తకంలో నదికి వాసన ఉండదు.

బడి తెరిచిన రోజు గ్రౌండ్‌లో షామియానా వేశాం. ఆయమ్మల దగ్గర నుంచి బియ్యం పోసే స్టీలు డబ్బా తెచ్చి, కడిగి, తుడిచి, చీటీలు వేశాం. ఒక్కొక్కరే వచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టి తీస్తున్నారు. పిల్లలకి పండగలా ఉంది. గోదావరి వచ్చిన వాళ్లు గోదావరి అని, మంజీర వచ్చిన వాళ్లు మంజీర అని అరుస్తూ పరిగెత్తుతున్నారు. కరస్పాండెంట్ సార్ మనవరాలు కూడా ఆ ఏడే మా స్కూల్లో ఏడో తరగతిలో చేరింది. ఆ పాప చీటీ విప్పి మూసీ అంది. సార్ చప్పట్లు కొట్టాడు. కొట్టాక ఒక్క క్షణం ఆయన చేతులు అలాగే ఆగాయి. అప్పుడు నేను దానికేమీ అర్థం వెతకలేదు.

బట్టల కంపెనీ ఆవిడ కూతురు కూడా తీసింది. దానికీ మూసీయే వచ్చింది. ఆ పిల్ల చీటీ ఎత్తి పట్టుకుని తల్లి వైపు తిరిగి నవ్వింది. దాని మొహంలో డీ పోయిందన్న సంతోషం నాకు స్పష్టంగా కనిపించింది. తల్లి మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలా నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నన్ను ఆపినాయనకి మల్లాపూర్‌లో సెల్‌ఫోన్ల షాపు ఉంది. వాళ్లబ్బాయికీ మూసీ వచ్చింది. మనిషి కోపంగా లేడు, నిజంగా అర్థంకాక అడిగినట్టే అడిగాడు.

"మేడం, గోదావరి, కృష్ణ, మంజీర, ఈ మూడు నల్లాల వచ్చేటియి. మూసీ మోరీల పోయేది. మా పోరన్ని తీస్కపోయి మోరీల ఏసిన్రేంది?"

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత లెక్క వేసుకున్నాను. నిజమే కదా. మా ఇంట్లో కూడా నల్లా రాకపోతే ఇవాళ కృష్ణ బందంట అనే అనుకుంటాం. మూడు నదులు కుళాయిలో ఇంట్లోకి వస్తాయి, ఒకటి మురికికాలవై ఇంట్లోంచి పోతుంది. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, స్టాఫ్‌రూమ్‌కి తప్ప.

వారం తిరిగేసరికి డీకి ఉన్న అర్థమంతా సామాను సర్దుకుని మూసీలోకి కాపురానికి వచ్చేసింది. మూసీ పిల్లలు మెట్లెక్కుతుంటే గోదావరి వాళ్లు ముక్కులు మూసుకోవడం ఆటయింది. నేను టైంటేబుల్ తీసుకుని ఒక్కొక్క తల్లికీ చూపించాను. చూడండమ్మా, లెక్కల సార్ అందరికీ ఒకే సార్, ఇంగ్లీషు మేడం అందరికీ ఒకే మేడం, మూసీకి ఒక్క పీరియడ్ కూడా తక్కువ లేదు అన్నాను. చీటీలు మీ కళ్ల ముందే తీశాం కదా అన్నాను. అన్నీ విని, నిజమే మేడం, కానీ జర మార్చుండ్రి అనేవాళ్లు. ఇన్నేళ్లు అన్నీ ఒక్కటే అని అబద్ధం చెప్తే నమ్మినట్టు తలూపిన వాళ్లు, మొదటిసారి నిజంగా ఒక్కటి చేస్తే నమ్మలేదు. అది నన్ను ఎంత గిల్లిందో చెప్పలేను.

సోషల్ సార్ నొచ్చుకున్నాడు కానీ ఊరుకోలేదు. మూసీ సెక్షన్‌కి ఆయనే క్లాస్ టీచర్. మొదటి పీరియడ్‌లో గోడకి మ్యాపు వేలాడదీసి, అనంతగిరి కొండల్లో పుట్టిన నీటిబొట్టు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే దాకా పిల్లల చేత వేలితో గీయించాడు. చివరికి అందరూ కృష్ణలోకే పోతార్రా అన్నాడట. సాయంత్రం గేటు దగ్గర పెద్దలకి ఇంకో పాఠం. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ ఇడిసిపెట్టడంటరు గదా, ఆ గండిపేట నీళ్లు ఎవరివి, మూసీవి కావా అని అడిగేవాడు. జనం ఆలోచనలో పడేవాళ్లు. అవును గదా సారూ అనేవాళ్లు. అని మళ్లీ నా దగ్గరికి వచ్చి, జర మార్చుండ్రి మేడం అనేవాళ్లు.

బట్టల కంపెనీ ఆవిడ మాత్రం గేటు దగ్గర గుంపులో కనిపించలేదు. ఒకరోజు లంచ్ టైములో నేరుగా ఆఫీసులోకి వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం ఉన్నారు, నేనున్నాను, అటెండెన్స్ ఇవ్వడానికి వచ్చిన సోషల్ సార్ ఉన్నాడు. ఆవిడ కూర్చోలేదు. ఈసారి అడిగినట్టు లేదు, చెప్పడానికి వచ్చినట్టుంది.

చాదర్‌ఘాట్ వంతెన కింద ఒడ్డున పదేళ్లకి పైన ఉన్నారట. కూతురు అక్కడే పుట్టింది. వానాకాలం వస్తే పిల్లని భుజం మీద వేసుకుని రోడ్డు మీదకి ఎక్కడం, నీళ్లు పోయాక బురద ఎత్తి పోసుకుని మళ్లీ పొయ్యి పెట్టుకోవడం. నువ్వేడుంటవే అని ఎవరన్నా అడిగితే పిల్ల మూసీల అని చెప్పేదట, అడిగిన వాళ్లు ఒకడుగు వెనక్కి వేసేవాళ్లట. ఆ మాట పిల్ల నోట్లోంచి పోవాలనే ఇక్కడికి వచ్చి, ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటున్నారు. ఇవన్నీ ఏడవకుండా చెప్పింది.

"మొన్న పక్కింటామె ఏ సెక్షనే అనడిగింది మేడం. నా బిడ్డ మళ్ల గదే మాట అన్నది. మూసీల అన్నది."

సోషల్ సార్‌కి ఆగలేదు. మా ఊర్లో మూసీ అంటే అన్నం పెట్టిన తల్లమ్మా, చేతులు జోడించి పొలంలోకి మళ్లించుకుంటాం అని చెప్పాడు. ఆవిడ ఆయన వైపు మర్యాదగానే చూసింది.

"మీ మూసీ వేరు సార్. మా మూసీ వేరు," అంది.

మ్యాపులో అది ఒకే గీత. ఆ గీత మీద ఆయన ఒక చోట పుట్టాడు, ఈవిడ ఇంకో చోట బతికింది. ఇద్దరి మాటా నిజమే అని నాకు అక్కడికక్కడే అనిపించింది. రెండు నిజాలు ఎదురెదురుగా నిలబడితే ఏం చేయాలో మాకు బీఈడీలో చెప్పలేదు.

ప్రిన్సిపాల్ మేడం ఆ పిల్లని కృష్ణలోకి మార్చమని నాతో చెప్పారు. అప్పటిదాకా ఎంతమంది అడిగినా, ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఫోన్ చేయించినా కదలని మనిషి. తీసిన చీటీ డబ్బాలో వెయ్యకూడదన్నది తన రూలే. ఆవిడ దండం పెట్టి వెళ్లిపోయాక అడిగాను, మరి రూలు ఏమైంది మేడం అని. రూలు ఉన్నది, తప్పింది నేను, అన్నారు. అంతే.

గేటుకి చెవులుంటాయి. మర్నాటికి ఆ మాట కరస్పాండెంట్ సార్ దాకా పోయింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, టీ తెప్పించి, నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఇంట్లో కోడలు ఒక్కటే పోరు పెడుతోందట. ఊర్లో అందరి పిల్లల్ని మంచి సెక్షన్లలో వేసి మన పిల్లని మూసీలో వేసుకున్నామా అని. ఒక్క పిల్లను మార్చిన్రు గదా మేడం, నా మనవరాలిని గోదావరిల ఏయడానికి ఏమైంది అన్నాడు. అడగటంలో తప్పేం కనిపించలేదు నాకు. స్కూలు ఆయనది, మనవరాలు ఆయనది. పైగా మేడం తప్పిన రూలు ఎదురుగానే ఉంది.

"ఆమె మూసీల బతికొచ్చింది సార్. మన పాప ఆ పేరు మాత్రమే విన్నది," అన్నారు మేడం. "మార్చమంటే ఈ రోజే మారుస్త. కానీ గేటు కాడ నిలబడి, అందరికీ చెప్పి మారుస్త."

ఆయన టీ పూర్తిగా తాగాడు. కప్పు కింద పెట్టి, వద్దు తియ్యండి మేడం అన్నాడు. నేను ఆ రోజు ఇంటికి వెళ్తూ రింగ్‌రోడ్డు సిగ్నల్ దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గెలిచామనుకున్నాను. అంత తొందరగా అనుకోకూడదు.

ఎందుకంటే వ్యాపారం తెలిసిన మనిషికి ఏదీ నష్టం కాదు. తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో సార్ మైకు తీసుకున్నాడు. క్రమశిక్షణ గురించి, ఫోన్ల గురించి చెప్పి, చివర్న గొంతు తగ్గించాడు. నా సొంత మనవరాలిని నేను ఏ సెక్షన్‌ల ఏసిన్నో మీకెరుకేనా, మూసీల ఏసిన అన్నాడు. చీటీ మాట ఎత్తలేదు. వేసింది తానే అన్నట్టు చెప్పాడు. వెనక వరసల్లో ఫోన్లు వెలిగాయి. మీటింగ్ అయ్యేలోపే వాట్సాప్ గ్రూపుల్లో ఆ వార్త బోడుప్పల్ దాటి మేడిపల్లి దాకా పోయి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే సెల్‌ఫోన్ షాపాయన వచ్చాడు. అప్పటికి మూడుసార్లు మార్చమని అడిగి వెళ్లినవాడు. మా పోరన్ని మూసీల్నే ఉండనీయుండ్రి మేడం, మార్చకుండ్రి అన్నాడు. నాకు నోరు ఊరుకోదు.

"అది మోరీ గదన్నా?" అన్నాను.

"సార్ మనవరాలు ఉన్నంక మోరీ ఎట్లయితది మేడం," అన్నాడు, హాయిగా నవ్వుతూ.

ఆ నవ్వులో సిగ్గు లేదు, ఉండాల్సిన పని కూడా లేదేమో. ఆయన లెక్క సూటిగా ఉంది. ఓనర్ బిడ్డ కూర్చున్న గదిలో ఫ్యాన్ చెడిపోయి ఉండదు, టీచర్ సెలవు పెడితే ఆ క్లాసు ఖాళీగా ఉండదు. మేము మైకులో ఏం చెప్పినా నమ్మని జనం దీన్ని ఎవరూ చెప్పకుండానే నమ్మారు. వాళ్లు పేర్లు చూడటం లేదు, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తున్నారు. నాకు అప్పుడే అర్థమైంది, మేమంతా వేసవి సెలవుల్లో కష్టపడి మార్చింది తలుపు మీద బోర్డు మాత్రమే.

సోషల్ సార్ సంతోషం మాత్రం చూసి తీరాలి. ఆయన నది గెలిచింది. ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌కి మిర్చి బజ్జీలు తెప్పించాడు. చూసిన్రా మేడం, జనానికి జర టైం ఇవ్వాలె, మూసీ గొప్పతనం తెలుస్తది అన్నాడు. ఆయనకి అసలు సంగతి చెప్పబుద్ధి కాలేదు. ఇంకో బజ్జీ తీసుకున్నాను.

చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. కొత్త అడ్మిషన్లన్నీ మూసీకే అడుగుతున్నారు, కరస్పాండెంట్ సార్ కాదనలేకపోతున్నాడు. కొన్నాళ్లకి అడగటం ఇంకో మెట్టు ఎక్కింది. అంత మంచి సెక్షన్‌కి సోషల్ సార్ క్లాస్ టీచర్ ఏంటి, లెక్కల సార్ ఉండాలి కదా అన్నారు తల్లిదండ్రులు. పొద్దున బడికి ముందు లెక్కల సార్‌తో డౌట్స్ క్లాసు మూసీ వాళ్లకి పెట్టించమన్నారు. సార్ కోడలు కూడా అదే అందట. రెండూ జరిగిపోయాయి. సోషల్ సార్‌ని కృష్ణకి క్లాస్ టీచర్‌గా వేశారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం గదిలోకి వెళ్లి, ఇంతోటి దానికి చీటీలు ఎందుకు తీశాం, డబ్బా ఎందుకు కడిగాం అని గట్టిగానే అడిగాను. మేడం నన్ను అరవనిచ్చారు. చీటీల్లో వచ్చిన పిల్లల్ని ఎవర్నీ కదపనియ్యలేదు, టైంటేబుల్ ముట్టనియ్యలేదు, ఆ రెండూ నిలబెట్టుకోవడానికి ఈ రెండూ ఇచ్చాను అన్నారు. నేనైతే ఏం చేసేదాన్నని అడిగారు. అది తెలిస్తే నేనే ప్రిన్సిపాల్ అయ్యేదాన్ని.

సోషల్ సార్ మ్యాపు చుట్టుకుని చంకలో పెట్టుకుని కృష్ణ గదికి వెళ్తుంటే వరండాలో కలిశాను. ఏమనాలో తెలియక ఫికర్ చేయకండి సార్ అన్నాను.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అనేది మా అమ్మ," అన్నాడు. "మన బళ్లె నీళ్లు మిట్టకెక్కుతున్నయి మేడం. గిది ఏ సోషల్ పుస్తకంల లేదు."

ఆయన వెనకాలే కృష్ణకి ఇంకోటి కూడా వచ్చి చేరుతుందని నాకు తట్టి ఉండాల్సింది. గేటు దగ్గర లెక్క త్వరగా తేలుతుంది. పోయినేడు డీ ఎవరిది? సోషల్ సార్‌ది. ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడు? కృష్ణలో. దసరా సెలవులకి ముందే కృష్ణ పిల్లల తల్లిదండ్రులు మొహాలు మాడ్చుకుని తిరగడం మొదలైంది. సమోసాల అతను కూడా నాతో అన్నాడు, ఈసారి కృష్ణ డౌన్ అయిందంట గదా మేడం అని. షేర్ మార్కెట్ గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు.

ఇంత జరిగినా ఆ బట్టల కంపెనీ ఆవిడ నాకు గుర్తు రాలేదు. ఆవిడే వచ్చింది. చిన్న జల్లు పడుతోంది, ప్లాస్టిక్ కవరు తల మీద కప్పుకుని వచ్చింది. ఎప్పటిలాగే లంచ్ టైము, మెడలో కార్డు. మొత్తం ఏడో తరగతిలో సెక్షన్ మార్పించుకోగలిగింది ఈవిడ ఒక్కతే. మేడం రూలు తప్పింది ఈవిడ ఒక్కదానికోసమే. ఎందుకు వచ్చిందో ఆవిడ నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

మూసీలో సీటు ఉందా అని అడగలేదు. అడగదని నాకు అప్పుడే తెలియాలి, ఆవిడ ఎప్పుడూ పైది అడగలేదు. గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు ఆఖరుది ఏది మేడం?"

అన్నీ ఒక్కటేనమ్మా అని నోటి దాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు. మింగేశాను. ఆవిడ నా మొహం చూసింది. మొహం చదవడానికి ఏ మీడియమూ అక్కర్లేదు. సోషల్ సార్ మంచోడమ్మా, పాప బాగా చదువుతోంది అని మాత్రం అన్నాను. అది నిజం కూడా.

"సారు మంచోడే. నాకెరుకే," అంది. తర్వాత కవరు దులిపి, మడిచి, చేతిసంచిలో పెట్టుకుంది. "ఎటు దిరిగినా గంతే మేడం. మేమేడుంటే ఆడనే మూసీ."

ఫిర్యాదు చేసినట్టు అనలేదు. ఎక్కడుంటావమ్మా అని అడిగితే అడ్రస్ చెప్పినట్టు చెప్పింది.